ఆఖరి పేజీలో అడుగు లైను

మా నాన్న పుస్తకాన్ని వెనకనించి చదివేవాడు. ఎవరైనా కొత్త పుస్తకం చేతిలో పెడితే అట్ట చూడడు, రాసినవాడి పేరు చూడడు. తిరగేసి ఆఖరి పేజీ అడుగున ఉండే చిన్నక్షరాల లైను వెతుక్కుంటాడు. ఫలానా ప్రెస్సు, ఫలానా వీధి, ఫలానా ఊరు. అది చదివి "ఊఁ" అని తలాడించి అప్పుడు మొదటి పేజీకి వచ్చేవాడు. ఆ లైను లేని కరపత్రం కనిపిస్తే మాత్రం మొహం మారిపోయేది. దాన్ని ఇంట్లో ఉంచనిచ్చేవాడు కాదు.

ఆయన నలభై ఏళ్లు కంపోజిటరు. కుర్రతనంలో మద్రాసు జార్జిటౌనులో, తరవాత బెజవాడలో. నన్నూ ఆ పనిలోనే పెట్టాడు గానీ అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుంటే నా చేయి సాగేది కాదు. "వీడికి కళ్లున్నాయి, వేళ్లు లేవు" అని ఓనరుగారు నన్ను ప్రూఫుల వైపు తోసేశారు. రిటైరయ్యేదాకా ప్రూఫురీడరుగానే బతికాను. కాబట్టి నిషేధాల చరిత్ర నాకు తెలిసింది కోర్టు గుమ్మంలోంచి కాదు. సిరా మరకల గదిలోంచి చూశాను. అక్కణ్ణించి చూస్తే ఆ చరిత్ర కాస్త వేరుగా కనిపిస్తుంది.

ఆ అడుగు లైను సంగతి నాన్నని ఒకసారి అడిగాను. "పోలీసులొస్తే ముందు ఎవరి గుమ్మం ఎక్కాలో అందులో రాసుంటుందిరా" అన్నాడు. నవ్వలేదు.

ఆయన చట్టం చదువుకోలేదు గానీ మాట సరైనదే. 1867లో ప్రెస్సుల, పుస్తకాల రిజిస్ట్రేషను చట్టం వచ్చింది. ప్రెస్సు పెట్టినవాడు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లి ఇదిగో నా ప్రెస్సు, ఇక్కడుంది అని రాసివ్వాలి. అచ్చేసిన ప్రతి కాగితం మీదా ముద్రాపకుడి పేరూ అచ్చయిన చోటూ ఉండాలి. ప్రతి పుస్తకానికీ కాపీలు సర్కారుకి పంపాలి. పేరు వేయకపోతే జరిమానా, జైలు. నిజం చెప్పాలంటే ఈ చట్టం మనకి ఒక మేలు కూడా చేసింది. అలా పంపిన కాపీల నించి సర్కారు వేసిన జాబితాలు లేకపోతే పందొమ్మిదో శతాబ్దంలో తెలుగులో ఏమేం అచ్చయ్యాయో ఇవాళ సగం తెలిసేది కాదు. మన సాహిత్య చరిత్రకారులు ఆ జాబితాల మీద చాలా ఆధారపడ్డారు. ఊళ్లో ఎవరింట ఎన్ని గొడ్లున్నాయో లెక్క రాసుకున్నవాడికి, కావలసినప్పుడు ఎవరి గొడ్డుని తోలుకుపోవాలో కూడా తెలుస్తుంది, అంతే.

1878లో వైస్రాయి లిట్టన్ దొర ఇంకో అడుగు వేశాడు. దేశభాషల పత్రికలకే వర్తించే చట్టం తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. ఒకే మాట ఇంగ్లీషులో రాస్తే అభిప్రాయం, బెంగాలీలో రాస్తే నేరం. కలకత్తాలో అమృతబజార్ పత్రిక దాన్ని తప్పించుకోవడానికి రాత్రికి రాత్రి ఇంగ్లీషు పత్రిక అయిపోయింది. ఆయన తరవాత రిప్పన్ వచ్చాక ఆ చట్టాన్ని ఎత్తేశారు. ఎత్తేసినా ఆ చూపు మాత్రం పోలేదు. ప్రతి ప్రెసిడెన్సీలో అనువాదకులు కూర్చుని దేశభాషల పత్రికల్లో ఏం రాస్తున్నారో ఎప్పటికప్పుడు ఇంగ్లీషులోకి దించి పైకి పంపుతూనే ఉన్నారు.

1908లో బెజవాడ నించి వచ్చే 'స్వరాజ్య' పత్రికలో తిరునెల్వేలి కాల్పుల మీద రాసిన రాతకి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని జైల్లో వేశారు. కింది కోర్టు వేసిన శిక్ష చాల్లేదని పై కోర్టులో మూడేళ్లకి పెంచారు. గాడిచర్లవారి పేరు ఇవాళ గ్రంథాలయాల మీద, వయోజన విద్య మీద కనిపిస్తుంది. మా వీధి పిల్లలకి ఆయన జైలుకెళ్లింది ఒక పత్రికలో అచ్చయిన మాటలకని తెలియదు.

రెండేళ్లకి, 1910లో, వచ్చిన ప్రెస్సు చట్టం గురించి మా పనివాళ్లు తరతరాలుగా చెప్పుకున్నారు. అందులో నించే 'డిపాజిట్టు' అనే మాట ప్రెస్సుల్లో భయం పుట్టించే మాటయింది. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నించి 2000 రూపాయలదాకా సర్కారు దగ్గర పూచీ కట్టాలి. పాత ప్రెస్సు మీద అనుమానమొస్తే 5000 దాకా అడగొచ్చు. అచ్చేసినదాంట్లో అభ్యంతరం కనిపిస్తే ఆ డబ్బు జప్తు. మళ్లీ పెట్టుకుంటానంటే 1000 నించి 10000 దాకా కట్టు. రెండోసారీ తప్పు దొరికితే డబ్బుతోపాటు మిషనూ పోతుంది. ఆ రోజుల్లో 2000 రూపాయలంటే చిన్న ప్రెస్సువాడి సర్వస్వం. కవిని జైల్లో పెడితే ఊరు దండలేస్తుంది. ప్రెస్సు ఓనరు ట్రెడిలు మిషను పోతే ఎవడూ దండ వేయడు, అప్పులవాడు మాత్రం వస్తాడు. దొరలకి ఈ సంగతి బాగా తెలుసు.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. తెలుగు టైపు కేసంటే మాటలు కాదు. గుణింతాలూ వత్తులూ కలిపి వందల గళ్లు. అన్ని సీసం అక్షరాలు కొనే స్తోమతు చిన్న ప్రెస్సుకి ఉండదు. అందుకని ఎనిమిదో పదహారో పేజీల ఫారం కట్టి, అచ్చుకొట్టి, ఆ అక్షరాలు విప్పి మళ్లీ ఏ గడివి ఆ గడిలో వేసేవాళ్లం. డిస్ట్రిబ్యూట్ చేయడమంటాం. తరవాతి ఫారానికి అవే అక్షరాలు. అంటే ఆఖరి ఫారం అచ్చయ్యేసరికి మొదటి ఫారం సీసంలో ఎక్కడా లేదు. పుస్తకం ఉన్నదల్లా కుట్టి పెట్టిన కాపీల్లోనే. ఆ కాపీలు పోలీసులు బండికెత్తుకుపోతే పుస్తకం పోయినట్టే. మళ్లీ కావాలంటే మొదటి అక్షరం నించి ఏరుకోవాలి. జప్తు అనే మాటకి అసలు పదును ఇక్కడుంది.

ఆ పదును పూర్తిగా తగిలిన తెలుగు పుస్తకం 'రాధికా సాంత్వనం'.

రాసింది ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరులో ప్రతాపసింహుడి కొలువు. 584 పద్యాలు. రాధ తాను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్లిచేస్తుంది, చేసిన తరవాత తాళలేకపోతుంది. కృష్ణుడు వచ్చి ఆవిణ్ణి ఓదారుస్తాడు. కథంతా ఇదే. శృంగారముంది, దాచాల్సిన పనిలేదు. కాకపోతే కోరికా కోపమూ రెండూ ఆడదానివి. రాసిందీ ఆడమనిషే. మగకవుల ప్రబంధాల్లో ఇంతకన్నా ముదురు పద్యాలు పండితులు రాగం తీసి చదివి అర్థాలు చెప్పేవారు. అక్కడ రాని సిగ్గు ఇక్కడ వచ్చింది.

ఈ పుస్తకానికి మొదటి కోత పోలీసులు కోయలేదు. 1887లో పైడిపాటి వెంకటనరసు దీన్ని అచ్చు వేయించాడు. వేయించినందుకు మెచ్చుకోవాలి. కానీ కొన్ని పద్యాలు తీసేశాడు. అంతకంటే అన్యాయం, అవతారికని వదిలేశాడు. కావ్యాల మొదట్లో కవులు తాతముత్తాతల పేర్లు చెప్పుకుంటారు కదా, ముద్దుపళని అక్కడ తంజనాయకి మొదలుగా తన ఇంటి ఆడవాళ్ల పేర్లు చెప్పుకుంది. ఆ ముక్క లేచిపోయేసరికి రాసింది ఎవరో, ఎవరి బిడ్డో తెలియకుండా పోయింది. పద్యాలు తీసేయడానికి బూతు అనే సాకుంది. వంశం చెప్పిన పద్యాల్లో ఏ బూతుంది? నా ఉద్దేశంలో ఈ పుస్తకం మీద జరిగిన దాడుల్లో మొదటిదీ పెద్దదీ అదే. చేసింది దొర కాదు.

తరవాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన కవుల చరిత్రలో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే ఆడవాళ్లు వినకూడని పద్యాలని తీసిపారేశారు. వితంతువులకి పెళ్లిళ్లు చేసిన మనిషి అలా అనడం కొందరికి ఆశ్చర్యం. నాకు కాదు. సంస్కరించేవాడికి తాను సంస్కరిస్తున్నవాళ్లు నోరు విప్పితే ఇబ్బందిగా ఉంటుంది.

ఇప్పుడు బెంగుళూరు నాగరత్నమ్మ వస్తుంది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన నాగరత్నమ్మే. 1878లో పుట్టింది, దేవదాసీల ఇంటి బిడ్డ, మద్రాసులో కచేరీలు చేసి సంపాదించింది, సంస్కృతం కన్నడం తెలుగు చదువుకుంది. అచ్చు పుస్తకం చదివి, తరవాత రాతప్రతి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఏం పోయిందో ఆమెకి తెలిసింది. నేను ప్రూఫురీడర్ని కాబట్టి ఆ దృశ్యం నా కళ్లకి కడుతుంది. ఎడమచేతి వైపు మూలం, కుడిచేతి వైపు అచ్చు, మధ్యలో వేలు. ఆ వేలు ఖాళీ చోట ఆగినప్పుడు వచ్చే కోపం మా పనివాళ్లకి తెలుసు.

1910లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్సు ఆమె పరిష్కరించిన పూర్తి పాఠాన్ని అచ్చువేసింది. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అన్న వాదాన్ని ఆమె పీఠికలో పంతులుగారి మొహాన పెట్టింది. మరుసటి ఏడే, 1911లో, పోలీసులు కాపీలు పట్టుకుపోయారు. అశ్లీలమని ఆరోపణ. పండితులు కొందరు ప్రభుత్వానికి విజ్ఞప్తులు చేశారు. ఇలా లెక్కేస్తే మన కావ్యాల్లో మిగిలేవెన్ని అన్నారు. సర్కారు వినలేదు.

ఆ నిషేధం ముప్పై అయిదేళ్లు నిలిచింది. 1946-47లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న కాలంలో ఎత్తేశారు. వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చువేశారు. ఆ ఏడాది మే నెలలో నాగరత్నమ్మ కన్నుమూసింది.

ఆ 1952 ప్రతి ఒకటి మా ఇంట్లో ఉండేది. నాన్న మద్రాసు వెళ్లినప్పుడు కొన్నాడు. ట్రంకుపెట్టె అడుగున, అమ్మ పెళ్లిచీర కింద దాచాడు. ఆడవాళ్లు చదవకూడని పుస్తకాన్ని ఆడదాని చీర కిందే దాచడం ఏం తెలివో నాకిప్పటికీ అర్థం కాదు. అమ్మ దాన్ని ఎప్పుడో తీసింది, చదివింది, అక్కడే పెట్టేసింది. నాకు ఉద్యోగమొచ్చాక ఒకరోజు వంటింట్లో అడిగాను, ఎలా ఉందమ్మా అని. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "పాపం రాధ. చేతులారా చేసుకుంది" అంది. ఇంకేమీ అనలేదు. ప్రభుత్వం ముప్పై అయిదేళ్లు భయపడిన పుస్తకం చదివాక మా అమ్మకి కలిగిన వికారం అంతే.

'మాలపల్లి' కథ వేరు. దాని మీద బూతు ఆరోపణ లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో కూర్చుని రాసిన నవల. మాల రామదాసు కుటుంబం, కూలీలు, సంగదాసు చావు, వెంకటదాసు దొంగల్లో కలిసి పెద్దల ఇళ్లు కొట్టి పేదలకి పెట్టడం. అచ్చయిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. తమాషా ఏమిటంటే 1910 ప్రెస్సు చట్టాన్ని 1922లో రద్దు చేశారు. ప్రెస్సులవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. కానీ పుస్తకాలు జప్తు చేసే అధికారాన్ని మాత్రం తీసుకెళ్లి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 99-ఎ సెక్షనుగా చేర్చుకున్నారు. ఇల్లు ఖాళీ చేస్తూ పొయ్యి మాత్రం పట్టుకెళ్లినట్టు.

మాలపల్లి మీద శాసనసభలో ప్రశ్నలు వేశారు. 1928లో కొన్ని మార్పులకి ఒప్పుకుంటే నిషేధం సడలింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పాఠ్యపుస్తకంగా పెట్టింది. 1936లో మళ్లీ నిషేధించి పాఠాల్లోంచి తీయించారు. 1937లో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చాక వదిలేశారు. ఒకే పుస్తకం పదిహేనేళ్లలో రెండుసార్లు నేరస్తురాలై, మధ్యలో ఒకసారి పంతులమ్మ అయింది. లోపలున్న కథ అదే. కుర్చీల్లో కూర్చున్నవాళ్లు మారారు.

దొరలు పోయాక ఇది ఆగిందనుకుంటే పొరపాటు. 1950లో రాజ్యాంగం వచ్చిన కొన్ని వారాలకే మద్రాసు ప్రభుత్వం బొంబాయి నించి వచ్చే 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రికని రాష్ట్రంలోకి రానివ్వలేదు. అప్పుడు మనం కూడా మద్రాసు రాష్ట్రమే. సంపాదకుడు రమేష్ థాపర్ సుప్రీంకోర్టుకెళ్లి మే నెలలో గెలిచాడు. తీర్పు రాసింది పతంజలి శాస్త్రి. శాంతిభద్రతల పేరు చెప్పి పత్రిక నోరు నొక్కడానికి రాజ్యాంగంలో అవకాశం లేదన్నారు. లేదా? అయితే కల్పిద్దాం అని 1951లో మొదటి సవరణ తెచ్చి ఆ మాట చేర్చారు. గెలిచిన ఏడాదికల్లా గెలుపులో కొంత వెనక్కి పోయింది.

ఇక నేను చూసింది.

1975 జూన్. నాకు ఇరవై రెండేళ్లు. ఎమర్జెన్సీ వచ్చింది, సెన్సారు వచ్చింది. మా ప్రెస్సులో ఒక చిన్న సాహిత్య మాసపత్రిక అచ్చయ్యేది. వేలల్లో కాదు, వందల్లో కాపీలు. దానికీ ప్రూఫులు తీసుకెళ్లి అధికారికి చూపించి ముద్ర వేయించుకోవాలి. ఆ పని నాది. సైకిలు మీద, చంకలో తడి ఆరని ప్రూఫులు. సెన్సారు కొట్టేసిన చోటు ఖాళీగా వదిలితే జనానికి అర్థమైపోతుందని, ఖాళీలు కూడా వదలొద్దన్నారు.

ఆగస్టు సంచికలో ఒక కాలేజీ లెక్చరరు పంపిన పద్యముంది. వర్షం రాని రాత్రి గురించి. ముప్పై లైన్లుంటాయేమో. ప్రూఫు దిద్దుతున్నప్పుడు నాకు గుండె దడదడలాడింది. రాత్రి అంటే ఏ రాత్రో, వాన అంటే ఏ వానో నాకు తెలిసిపోయింది. అధికారి మొదటి పేజీలు తిప్పి, ఆ పద్యం దగ్గర ఆగాడు. పెద్దాయన, కళ్లజోడు నుదుటి మీదకి తోసి నావైపు చూశాడు.

"ఇందులో ఏమైనా ఉందా, బాబూ?"

"వానండి. ఈ ఏడు ఆలస్యమైంది కదండి" అన్నాను.

ముద్ర వేశాడు. తెలిసే వేశాడని ఇప్పుడనిపిస్తుంది. నేను ఏలూరు రోడ్డు మీద పాట పాడుకుంటూ సైకిలు తొక్కాను. ప్రెస్సులోకి వచ్చేసరికి ఫారంలో ఆ పద్యం లేదు. ఆ చోట సబ్బు ప్రకటన బ్లాకు ఉంది. నేను బయల్దేరిన పది నిమిషాలకే ఓనరుగారు భయపడి పద్యం ఎత్తేయించారు. అక్షరాలు అప్పటికే విప్పేశారు. విప్పింది మా నాన్న. నేను ముద్రపడిన ప్రూఫు చూపిస్తే ఆయన చూసి, "నేను పనివాణ్ణిరా" అన్నాడు. వేళ్లు మాత్రం ఆగలేదు, "ర" గడిలో "ర", "వా" గడిలో "వా" పడుతూనే ఉన్నాయి.

మళ్లీ కంపోజు చేద్దామని ఊచకి గుచ్చిన రాతకాపీ కోసం వెతికాను. దొరకలేదు. ముద్ర పడిన ప్రూఫు ఓనరుగారు నా చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలు చేశారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, మిషను మీద బ్యాంకు అప్పు. లెక్చరరుగారు తరవాత రెండు మూడుసార్లు ప్రెస్సుకి వచ్చారు గానీ అడగలేదు. నాకు ఆ పద్యంలో ఒక్క పంక్తి కూడా గుర్తులేదు. సర్కారు నిషేధించిన పుస్తకాలకి ఉత్తర్వులున్నాయి, తేదీలున్నాయి. సర్కారు సరేనన్నా మేమే చంపిన ఈ పద్యానికి ఏ జాబితాలోనూ చోటు లేదు. ఇలాంటివి ఒక్కో ప్రెస్సులో ఎన్నో. వెంకటనరసు అవతారిక తీసేసినప్పుడూ ఇలాంటి భయమే అయుండొచ్చు. అందుకే ఆయన్ని తిట్టబోయినప్పుడల్లా నా గొంతు కొంచెం తగ్గుతుంది.

ఆ తరవాత కూడా నిషేధాలు ఆగలేదు. 2005 ఆగస్టులో విరసాన్ని, అంటే విప్లవ రచయితల సంఘాన్ని, సంఘంగానే నిషేధించారు. మూడు నెలలకి సలహామండలి కుదరదంటే ఎత్తేశారు. అప్పటికి సీసం పోయింది, ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటర్ వచ్చింది. కాపీలన్నీ బండికెత్తినా ఫైలు మిగులుతుంది. మా నాన్న చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాడు.

అడుగు లైను పెట్టించిన 1867 చట్టం స్థానంలో పత్రికలకి కొత్త చట్టం తెచ్చారు, 2024 మార్చి ఒకటి నించి అమల్లో ఉంది. పుస్తకాలు దాని పరిధిలో లేవు. అదే ఏడు జులై ఒకటిన పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడు కూడా పోయింది. జప్తు అధికారం మాత్రం 99-ఎ నించి 95కి, 95 నించి నాగరిక్ సురక్షా సంహితలో 98కి నంబరు మార్చుకుని వచ్చేసింది. జప్తు ఉత్తర్వు మీద అభ్యంతరముంటే రెండు నెలల్లోపు హైకోర్టుకి వెళ్లాలి, ముగ్గురు జడ్జీలు వినాలి అన్నది కూడా అప్పటిలాగే ఉంది.

చదివేవాళ్లకి ఒక్క మనవి. అటకల మీద పాత పుస్తకాలుంటాయి. చెదలు పట్టాయని తూకానికి వేసేముందు తిరగేసి ఆఖరి పేజీ చూడండి. 1910, వావిళ్ల అని కనిపిస్తే ఆ పుస్తకాన్ని వేటపాలెం సారస్వత నికేతనంలాంటి గ్రంథాలయానికి ఇవ్వండి. ఆఖరి పేజీ చిరిగిపోయి ఉంటే ఇంకా జాగ్రత్తగా ఇవ్వండి. దాన్ని ఎవరో కావాలనే చింపి ఉంటారు.